మా వదిన ఆఖరి మాట

పోయిన నెల రెండో శనివారం తెల్లవారుతుండగా మా వదిన కన్నుమూసింది. మర్నాటి ఆరాధనలో మన పాస్టరుగారు ఆ సంగతి సంఘానికి చెబుతూ, నలభై ఏళ్ళు ఊరూరా తిరిగి సాక్ష్యం చెప్పిన తల్లి తన ఆఖరి గడియలో మాత్రం ఏ సాక్ష్యమూ చెప్పకుండానే నిద్రించింది, అది మనందరికీ విచారం అన్నారు. అది తప్పు. ఆమె చెప్పింది. మంచం పక్కన నేనున్నాను, తలాపున పాస్టరుగారున్నారు. ఇద్దరమూ విన్నాం. ఇద్దరమూ అది పనికిరాని మాట అనుకున్నాం. పాస్టరుగారికి చిన్నప్పుడు పలక మీద అక్షరాలు దిద్దించింది నేనే కనుక ఆయన తప్పు దిద్దడం నాకు కొత్త కాదు. నా తప్పు దిద్దుకోవడమే కొత్త. మన సంఘ పత్రికలో నాలుగు పేజీలు అడిగి తీసుకున్నది అందుకే.

మా వదిన అంటే నా భర్తకు అక్క. మార్కాపురంలో ఆమెను బైబిలమ్మ అంటేనే ఎరుగుదురు. పంతొమ్మిదో ఏట భర్త పోయి పుట్టింటికి వచ్చి, మిషను దొరసాని దగ్గర చదువు నేర్చుకుని, చంకలో వేదపుస్తకం పెట్టుకుని పల్లెలు తిరగడం మొదలుపెట్టింది. చెప్పులు ఉండేవి కాని చేతిలో పట్టుకుని నడిచేది, పల్లె పొలిమేరలో కాళ్ళకు తొడుక్కునేది. అదేం వింత అని అడిగితే, "కాళ్ళు దేవుడు ఊరికే ఇచ్చినాడు పంతులమ్మా, చెప్పులు నేను కొన్నా" అన్నది. పాట ఎత్తుకుంటే మేస్తున్న మేకలు తలెత్తి చూసేవి. రాగం రాదని ఆమెకూ తెలుసు. తెలిసి తగ్గించేది కాదు.

పరిశుద్ధురాలని వ్రాస్తున్నానని అనుకోకండి. నస్యం పీల్చేది. కొంగు ముడిలో చిన్న డబ్బీ. గుడికి పోయేముందు ఆ డబ్బీ తీసి మా వంటింటి గూట్లో పెట్టి, "ఈ పూటకు మానేసినా" అనేది. ఆరాధన అయ్యాక నేరుగా గూటి దగ్గరికే వచ్చేది. పల్లెపల్లెకూ మారుమనస్సు ప్రకటించిన మనిషి ఆ ఒక్క మారుమనస్సును నలభై ఏళ్ళు వాయిదా వేసింది. ఆ మాట నేను ముఖం మీదే అన్నాను. ఆమె తుమ్మి, "నీకు బాప్తిస్మం ఇచ్చేటప్పుడు నోరు గట్టిగా మూసుకున్నావు లెక్కుంది. నాలిక్కి నీళ్ళు తగల్లా" అన్నది.

ఇంకొక అలవాటు మీరందరూ చూసినదే. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ వండబోయే గింజల్లోంచి ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేయడం, ఆదివారం ఆ పిడికెళ్ళన్నీ మూటగట్టి గుడికి తేవడం మన ఆడవాళ్ళకు ఆమె నేర్పినదే. వరి అన్నం పండగకు తప్ప ఎరగని ఇళ్ళు మనవి. కొర్రలో, జొన్నలో, సజ్జలో, ఏది ఉంటే అదే పిడికెడు. అయితే ఆమె మాత్రం ఆదివారం రెండు మూటలు తెచ్చేది. ఒకటి మా ఇంటిది. రెండోది ఆమె సొంతమని నా లెక్క. మనుషులు చూడాలని రెండు తెస్తున్నావా వదినా అని ఒకసారి ఎత్తిపొడిచాను. ఆమె ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆమెకు అలవాటు కాదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఇక బండ్ల సంగతి. ఆ రోజుల్లో పొద్దున్నే మా వాకిట్లో ఎద్దుల బండి వచ్చి ఆగిందంటే ఎక్కడో ఎవరో పోతున్నారని అర్థం. బతికినన్నాళ్ళూ గుడి గడప తొక్కనివాళ్ళు, ఆమెను చూసి తలుపు వేసుకున్నవాళ్ళు, కాళ్ళు చల్లబడుతున్నాయనగానే బైబిలమ్మను తీసుకురమ్మని బండి కట్టించేవారు. త్రిపురాంతకం దాకా పోయిన రోజులున్నాయి. నాకు ఒళ్ళు మండేది. పెళ్ళికి పిలవరు, పురుటికి పిలవరు, చావుకు మాత్రం బండి కట్టి పంపుతారు, నీవేమన్నా చావు పేరంటాలివా అన్నాను. తలుపు మూసేలోపల వచ్చినవాడు కూడా ఇంట్లోకి వచ్చినవాడే కదా అని ఆమె బండెక్కింది.

కాని తిరిగి వచ్చాక ఆమె ఎలా ఉండేదో చూసింది నేను. అరుగు మీద కూర్చుని, ఒక చెంబు నీళ్ళు చాలేచోట మూడు చెంబులు పోసుకుని కాళ్ళు కడుక్కునేది. ఒకసారి దర్శి వైపు పల్లెలో ఒక ముసలాయన చివరి గంటలో వెక్కి వెక్కి ఏడ్చి, పెండ్లాం చేతులు పట్టుకుని తప్పులన్నీ ఒప్పుకుని పోయాడట. సంఘంలో అందరూ దేవునికి స్తోత్రం అన్నారు. మా వదినా అన్నది. అని, ఆ సాయంత్రం నాతో మెల్లగా, "ఆ మాట ఆయన నోట్లో ఇన్నాళ్ళు ఉన్నింది గదా పంతులమ్మా. ఆ యమ్మ ముప్పై ఏండ్లు తన్నులు తిని, మంచిమొగుడితో ఒక్క గంట కాపురం చేసింది" అన్నది. ఆఖరి గడియ పశ్చాత్తాపం గురించి నేను విన్న ప్రసంగాలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. దేవుడు ఆయనను చేర్చుకుని ఉంటాడు. అందులో ఆమెకు సందేహం లేదు. ఆమె దిగులంతా ఇక్కడ మిగిలిపోయినవాళ్ళ గురించి.

ఇప్పుడు ఒక మనిషి గురించి చెప్పాలి. పేరు వ్రాయను, మేస్త్రీ అంటాను. పలకల గనిలో మేస్త్రీగా ఉండేవాడు. కంభం దారిలో గనులు దాటాక ఉన్న పల్లె ఆయనది, మనకు మూడు మైళ్ళు. సారా తాగితే పెండ్లాన్ని కొట్టేవాడు, తాగకపోతే కూలీలను తిట్టేవాడు. మా వదిన ఆ పల్లెకు పోయిన మొదటి ఏడాదే ఆమె చంకలోని పుస్తకం లాక్కుని బావిలో పడేశాడు. ఆమె దాన్ని పైకి తీయించి, గని దగ్గర పలకరాళ్ళ మీద ఆకు ఆకు విప్పి ఎండబెట్టింది. ఎండింది కాని ఉబ్బిపోయి మళ్ళీ మూసుకోలేదు. పాత చీర అంచు చించి కట్టు కట్టుకుని చచ్చేదాకా ఆ పుస్తకమే చదివింది. దొరసాని కొత్తది ఇస్తానంటే వద్దన్నది. నేను కారణం అడిగితే, దీన్ని చూస్తే మేస్త్రీ గుర్తొస్తాడు, ఆయన కోసం ప్రార్థన మరచిపోకుండా ఉంటుంది అన్నది.

ఆ మేస్త్రీ దగ్గర ఒక వేదాంతం ఉండేది. సిలువ మీద దొంగ కథ ఆయనకు మనలో చాలామంది కంటే బాగా తెలుసు. "దొంగకు ఆఖరి గడియలో దొరకలా? నాకూ అప్పుడే చాలు. ముందే వచ్చి ఏం చెయ్యాల, సారా మానుకోవాల్నా?" అని పదిమందిలో నవ్వించేవాడు. ఒకరోజు మా వదిన ఆయన నవ్వు అయిపోయేదాకా నిలబడి, "అన్నా, ఆ దొంగ చేతులకు మేకులు కొట్టినారు. ఇయ్యడానికి ఆయన దగ్గర మాట తప్ప ఇంకేం లేదు. నీ చేతులు ఖాళీగానే ఉండాయి గదా" అన్నదట. నవ్వినవాళ్ళే ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి చెప్పారు.

ఇరవై ఏళ్ళ కిందట ఆ మేస్త్రీకి విషజ్వరం వచ్చింది. అనుకున్నట్టే మా వాకిట్లో బండి ఆగింది. ఆయన ఏడ్చాడు, ఒప్పుకున్నాడు, బాప్తిస్మం కావాలన్నాడు. అప్పటి పాస్టరుగారు పెద్దవారు, నిదానస్తులు. ఇతను రేపటిదాకా ఉండడని వైద్యుడు చెప్పిన మీదట ఒప్పుకున్నారు. మంచంతో సహా మోసుకుపోయి గుండ్లకమ్మ ఏటి మడుగులో ముంచారు. గట్టు మీద ఆయన తమ్ముడు గుంట ఎక్కడ తవ్వాలో అడుగుతున్నాడు. ముంచి లేపారు. చన్నీళ్ళకు జ్వరం దిగింది. మూడో రోజు గంజి అడిగాడు. పదో రోజు లేచి కూర్చున్నాడు.

ఆ పదో రోజు నేనూ వదినతో పోయాను. చావు ఇండ్లలో ఎన్నో ముఖాలు చూశాను కాని, బతికినందుకు అంత దిగులుపడ్డ ముఖం ఎక్కడా చూడలేదు.

"మోసపోయినా బైబిలమ్మా" అన్నాడు. "చస్తాననే గదా ఒప్పుకున్నా. ఇప్పుడు రోజూ అట్లనే ఉండాలంటే నా చేత అయితదా?"

నాకు నవ్వు వచ్చింది, ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకున్నాను. వదిన నవ్వలేదు. ఆయన మంచం కోడు పక్కన కింద కూర్చుంది.

"రోజూ ఎవరి చేతా కాదన్నా. నా చేతా కాలా. ఈ పూట సంగతి చూడు. మాపటికి మళ్ళీ చూస్తాం."

అదే ఆమె వేదాంతం. పెద్ద ప్రసంగాలు ఆమెకు రావు. విశ్వాసం అంటే ఈ పూటకు. ఓర్పు అంటే ఈ పూటకు. నస్యం మానడమూ ఈ పూటకే. ఆఖరి పూట ఒక్కటే లెక్కలోకి వస్తుందని మేస్త్రీ నమ్మాడు. అన్ని పూటలూ ఒకటే కొలతని ఆమె నమ్మింది.

మేస్త్రీ వెంటనే మారిపోయాడని వ్రాస్తే ఈ పత్రిక చూడటానికి బాగుంటుంది. మారలేదు. నెల తిరక్కుండా తాగాడు. ఆమె మళ్ళీ పోయింది. మూడు నెలలు మానాడు, సంతనాడు మళ్ళీ తాగాడు. ఆమె మళ్ళీ పోయింది. ఒకసారి ఆయన పెండ్లాం సంతలో కనిపిస్తే, ఎట్లా ఉన్నాడని అడిగాను. "వారంలో నాలుగు దినాలు మనిషే పంతులమ్మా" అన్నది. రెండేళ్ళ తర్వాత అడిగితే ఐదు అన్నది. ఆరు అనేలోపల ఆ ఇల్లాలు కన్నుమూసింది. ఆమెను పూడ్చిననాడు మేస్త్రీ తాగలేదు. ఆ తర్వాత తాగినట్టు నేను వినలేదు. అందుకు ఎవరూ గుడిలో స్తోత్రం చెప్పలేదు. మెల్లగా జరిగినదానికి మనకు స్తోత్రం తోచదు.

తర్వాత మేస్త్రీకి చూపు పోయింది. కళ్ళు ఎప్పుడూ ఎర్రగా చీము కారుతూ ఉండేవి. గని దుమ్ము అన్నారు. మద్రాసు తీసుకుపోతే ఏమన్నా ఫలితం ఉంటుందేమోనని ఆస్పత్రి డాక్టరమ్మ అన్నది. మద్రాసు ఎవరు తీసుకుపోతారు? మంటకు మాత్రం నీలం సీసాలో చుక్కల మందు ఇచ్చింది. అప్పటినుంచి ప్రతి శనివారం పొద్దున్నే మా వదిన నీళ్ళు కాచి, చల్లార్చి, చెంబులో పోసుకుని, ఇంకో చేత కొర్రగంజి గిన్నె పట్టుకుని మూడు మైళ్ళు నడిచేది. ఆయన కళ్ళు కడిగి, మందు వేసి, నాలుగు వచనాలు చదివి వచ్చేది. ఏడేళ్ళు. ఆయన ఒక్కసారీ మంచిమాట అన్న పాపాన పోలేదు. ఎండెక్కినాక వస్తే గంజి ఎవరికి, కుక్కకా అనేవాడు. గంజిలో ఉప్పెక్కువంటాడు. నీ పాట ఆపు, రోగం ఎక్కువైతాంది అంటాడు. ఆ చివరి మాటలో కొంత న్యాయం ఉందని నేను ఒప్పుకుంటాను.

ఇప్పుడు ఆ మంచం దగ్గరికి వస్తాను. మంగళవారం పెరట్లో పడిపోయింది. ఎడమ పక్క చచ్చుబడింది, మాట మాత్రం నిలిచింది. శుక్రవారం సాయంత్రానికి ఇంటి నిండా జనం. మన గుడిలో నిద్రించినవారి పుస్తకం ఒకటి ఉన్నదని మీకు తెలుసు. పేరు, ఊరు, ఆ పక్కన ఆఖరి సాక్ష్యం. దొరసానుల కాలం నుంచి వస్తున్న పద్ధతి. మంచి ఆఖరి మాట చెప్పినవాళ్ళ గురించి ఏటా చదివి వినిపిస్తాం. చిన్నప్పటినుంచి ఆ పుస్తకం విని విని, మనలో చాలామందికి బతకడం కంటే చావడం ఎట్లాగో బాగా తెలుసు. ఇంతమంది చావుల దగ్గర మాట అందుకున్న మనిషి తన చావు దగ్గర ఏమంటుందోనని అందరూ కాచుకున్నారు. పాస్టరుగారు పెన్సిలు పట్టుకుని వంగారు. "అమ్మా, ప్రభువును గురించి ఒక్క మాట చెప్పండి" అన్నారు.

ఆమె కళ్ళు తెరిచి స్పష్టంగా, "రేపు శనివారం. నీళ్ళు కాచి పెట్టండి" అన్నది.

పాస్టరుగారు నావైపు చూశారు. గోడవారన ఎవరో సంధి పలవరింతలన్నారు. నాకు సిగ్గేసింది. అవును, సిగ్గే. నలభై ఏళ్ళు సాక్ష్యం చెప్పిన బైబిలమ్మ నీళ్ళ గురించి మాట్లాడుతుందా అనుకున్నాను. "ఇప్పుడు అవన్నీ ఎందుకు వదినా, ప్రభువును తలుచుకో" అన్నాను. ఆమె నన్ను చూసింది. జవాబు తెలిసి కూడా పలక ఖాళీగా పెట్టుకుని కూర్చున్న పిల్లను బడిలో నేను ఎలా చూసేదాన్నో అలా చూసింది. మళ్ళీ మాట్లాడలేదు. తెల్లవారుతుండగా పోయింది. శనివారం సాయంత్రం పూడ్చాం. ఆమె పేరు పక్కన పాస్టరుగారు సాక్ష్యం లేదు అని వ్రాశారు.

ఆ తర్వాతి బుధవారం ఆమె సంచి సర్దుతుంటే నీలం సీసా చేతికి తగిలింది. శనివారమంటే ఏమిటో, నీళ్ళంటే ఎవరికో అప్పటిదాకా నాకు తోచలేదు. ఏడేళ్ళుగా నా కళ్ళముందే కాగిన నీళ్ళు. పూడ్చిననాడు మేస్త్రీ గడపలో కూర్చుని ఎదురుచూసి ఉంటాడు.

వచ్చిన శనివారం బండి కట్టించుకుని నేనే పోయాను. పల్లెలో అందరికీ బైబిలమ్మ పోయిందని తెలుసు, ఆయనకు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. నన్ను చూసి తలుపులు వేసుకున్నారు. ఆయన గడపలోనే ఉన్నాడు. బండి చప్పుడు వినగానే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "బండెవరిది? ఆమె నడిచి వస్తది" అన్నాడు.

నేను పంతులమ్మను అన్నాను. ఆమె ఏదీ అన్నాడు. ఈ ఊళ్ళో ఎవరి ముఖం మీద ఏమన్నా అనగలనని పేరున్న మనిషిని. పని ఉండి రాలేదన్నాను. అరవై ఏళ్ళు వచ్చాక చెప్పిన అబద్ధం. కళ్ళు కడిగి మందు వేశాను. మందు చెంపల మీద పోస్తాండావు, పని అయినాక ఆమెనే పంపీ అన్నాడు. నేను లేచేసరికి గడప పక్కనుంచి తడుముకుని ఒక ముంత తీసి నాకిచ్చాడు. అందులో కొర్రలు.

"పోయిన వారానిదీ ఈ వారానిదీ రెండూ ఉండాయి. పోయిన వారం ఆమె రాలా. మీ గుడికి. ఆమెకు ఇస్తే తెలుసు."

రెండో మూట ఎవరిదో నాకు అప్పుడు తెలిసింది. పల్లెవాళ్ళు దయతలిచి పెట్టే గింజల్లోంచి ఆ గుడ్డివాడు పూటపూటా పిడికెడు తీసి పక్కన పెడుతున్నాడు. ఏళ్ళుగా. గొప్ప కోసమా అని నేను ఎత్తిపొడిచిన మూట అది. తన పేరు చెప్పవద్దన్నాడేమో, ఆమె చెప్పలేదు. నా మాట పడింది. బండిలో ఆ ముంత ఒళ్ళో పెట్టుకుని మూడు మైళ్ళు వచ్చాను. మన పుస్తకంలో ఆఖరి మాటలు వ్రాయడానికి చోటుంది. పిడికెడు కొర్రలు వ్రాయడానికి చోటు లేదు.

ఆ తర్వాత ఇంకో శనివారం పోయాను, మళ్ళీ అబద్ధమే చెప్పాను. మొన్నటి శనివారం ఆయన ఆమె సంగతి అడగనేలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. ముంత మాత్రం ఇచ్చాడు. అబద్ధాలకు నా దగ్గర ఇక శనివారాలు లేవు, మోకాళ్ళూ లేవు. ఆయన ఈ పత్రిక చదవలేడు. చదివి వినిపించే మనిషి ఇన్నాళ్ళూ ఆమే.

కనుక పాస్టరుగారూ, వచ్చే శనివారం మీరు పోవాలి. పుస్తకంలో ఆ రెండు ముక్కలు కొట్టివేసి ఆమె అన్న మాట అన్నట్టే వ్రాయండి, కాని పోయి వచ్చాక వ్రాయండి. నీళ్ళు ముందునాడు కాచినవి పనికిరావు. ఆ పొద్దున్నే కళపెళ కాగనిచ్చి చల్లార్చండి. నీలం సీసా మా వంటింటి గూట్లో, నస్యం డబ్బీ పక్కన ఉంది. బిరడా బిగుసుకుని ఉంటుంది, పళ్ళతో లాగకండి. గంజిలో ఉప్పు తక్కువ. ఎండెక్కకముందే చేరాలి. తిడతాడు, జవాబు చెప్పకండి. పాట పాడకపోతే అడుగుతాడు, పాడండి. ఆమె పోయిందని మీరే చెప్పాలి. మందు వేశాక చెప్పవద్దు నాయనా, ఏడిస్తే కారిపోతుంది. ముందు చెప్పు. ఏడవనివ్వు, ఎంతసేపైనా సరే, పక్కన కూర్చో. అంతా అయ్యాక నీళ్ళతో కడిగి, తుడిచి, అప్పుడు వెయ్యి, కంటికి రెండు చుక్కలు. లేచేటప్పుడు గడప పక్కనుంచి ముంత తీసి ఇస్తాడు. రెండు చేతులతో తీసుకో.